ఆయన ఆఖరుగా కొట్టిన అంకె

నాటకశాల, తెరల గది
జూన్ 2

గాలిని కొలిచే మరిదికి,

వదిన రాస్తున్నాను. ఉత్తరం చూసి కంగారు పడకు, అందరం బాగానే ఉన్నాం. అందరం అంటే నేనూ, తాళ్ల తాతా. పగటిపూట ఈ హాల్లో ఇంకెవరుంటారు గనక!

మీ అన్నయ్య పోయిన పదిహేనో రోజున నువ్వు ఆ కొండెక్కావు. ఎనిమిది నెలలైంది. ఫోను అందని వాతావరణ కేంద్రం కావాలని అడిగి మరీ వేయించుకున్నావట. రేషను బండి వారానికోసారి ఉత్తరాలు కూడా తెస్తుందని మీ ఆఫీసువాళ్లు చెప్పారు. అందుకే ఈ కాగితం, కలం.

విషయం ఏమిటంటే, మీ అన్నయ్య పని నన్ను చూసుకోమన్నాడు మేనేజరు. "పదకొండేళ్లుగా ఇక్కడ తెరలు కుడుతున్నారు, ఈ వేదిక గురించి మీకు తెలియనిదేముంది, లైట్లు కూడా మీరే చూడండి" అన్నాడు. కొత్త నాటకం ఆగస్టు నెలాఖరున. ఆలోపు నేర్చుకోవాలి. సూదిలోకి దారం ఎక్కించడం తప్ప ఇంకో విద్య తెలియని నేను కంప్యూటరు ముందు కూర్చుంటే తాళ్ల తాత పగలబడి నవ్వాడు. మోటార్లు వచ్చి తాళ్లు లాగే పని పోయి పదేళ్లయినా ఆయన పేరు మారలేదు, నవ్వూ మారలేదు.

మీ అన్నయ్య బల్ల వేదిక పక్కన అలాగే ఉంది. లైట్లకి ఆజ్ఞలు రాయడానికి నువ్వు పెట్టిన ఎడిటర్ తెరిచాను. నల్లటి తెర మీద రంగురంగుల అక్షరాలు. మధ్య లైటు వెలిగించమని ఒక వరస. లైట్లు వేలాడే ఇనప పైపు నేలకు ఎన్ని అడుగుల ఎత్తున ఆగాలో ఇంకో వరస. ఆ రెండో వరస నాకు కంఠతా వచ్చు మరిదీ. విచారణలో పైకి చదివారు కదా. పద్దెనిమిది ఉండాల్సిన చోట ఒకటి ఉంది. దాన్ని నేను ముట్టుకోలేదు. ముట్టుకోను. ఆయన ఆఖరుగా కొట్టిన అంకె అది. పైపు మోటారు తీగలు ఆయన పోయిన రోజే పీకేశారు, పైపుని గొలుసులతో పైకి కట్టేశారు. అంకె ఎంతుంటే ఏం?

ఇదంతా ఎలా నడుస్తుందో, నువ్వు ఎలా అమర్చావో రాసి పంపు. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పు. ఒళ్లు కాస్త చూసుకో. ఆ కొండ మీద చలి ఎక్కువట.

వదిన


కొండ మీది కేంద్రం
జూన్ 12

వదినా,

నీ ఉత్తరం రెండు రోజులు విప్పకుండా పెట్టుకున్నాను. తిడతావేమో అనుకున్నాను. తీరా విప్పితే చలి గురించి అడిగావు. పదిహేనో ఏట నుంచి నీ చేతి తిండి తిన్నవాణ్ణి, నీ మాట ఇంకోలా ఉంటుందని ఎలా అనుకున్నానో!

చెప్తాను విను. మనం రాసేది యంత్రానికి నేరుగా అర్థం కాదు. దాని భాషలోకి మార్చాలి, అదే కంపైల్ చేయడం. ఆ తర్వాత దాన్ని నడపాలి. రాయడం ఒకటి, మార్చడం ఒకటి, నడపడం ఒకటి. అన్నయ్యకి ఇన్ని పనులంటే చిరాకు. "ఒరేయ్, లైటు వెలిగించడానికి మూడుచోట్ల మొక్కాలా?" అనేవాడు. అందుకని నేను మూడింటినీ ఒకే ముడి వేశాను. రాయి, సేవ్ నొక్కు. అంతే. ఎడిటర్ తనంతట తానే కంపైల్ చేస్తుంది, తనే నడుపుతుంది. నువ్వు సేవ్ నొక్కేదాకా ఏమీ జరగదు.

ఇంకొకటి. వరస మొదట్లో రెండు ఏటవాలు గీతలు పెట్టి ఏం రాసినా యంత్రం పట్టించుకోదు. దాన్ని కామెంటు అంటారు. మనుషులు మనుషుల కోసం రాసుకునే మాటలు. మొదట అక్కడ టైపు చేసి చెయ్యి తిప్పుకో, ఏమీ పాడవదు.

ఆ ఒకటిని మాత్రం పద్దెనిమిది చేసెయ్ వదినా. నాకోసం.

ఇక్కడ చెప్పుకోదగ్గ విశేషాలేమీ లేవు. గంటకోసారి బయటికెళ్లి గాలి ఎంత వేగంగా వీస్తోందో పుస్తకంలో ఎక్కిస్తాను. వైర్‌లెస్ ఉంది గానీ ఆఫీసు మాటలకే.

నీ మరిది


నాటకశాల, తెరల గది
జూన్ 27

మరిదీ,

ఒక మాట చెప్తాను, వదినకి పిచ్చెక్కిందనుకోకు. అనుకున్నా పైకి అనకు.

నువ్వు చెప్పినట్టే రెండు గీతలు పెట్టి టైపు చేయడం నేర్చుకున్నాను. ఏం రాయాలో తోచక మొదటి రోజు తెరల కొలతలు రాశాను. రెండో రోజు ఎందుకో మీ అన్నయ్యకి రాశాను. యంత్రం చదవదన్నావు కదా, సిగ్గెందుకని. "వెనక తెర అంచు మళ్లీ కుట్టాను, మీరుంటే వంకర ఉందనేవారు" అని. రాసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం మూడింటికి. హాలంతా ఖాళీ. ఉన్నట్టుండి వేదిక నట్టనడుమ లైటు వెలిగింది.

నేను సేవ్ నొక్కలేదు. ఒట్టు.

భయపడి అన్నీ ఆపేసి బయటికొచ్చాను. మర్నాడు మళ్లీ కూర్చున్నాను. లైటు ఆర్పేసి రాశాను. "నిన్న అది మీరేనా?" అని. చేతులు తీసేశాను. మనసులో లెక్క పెట్టాను. పదో అంకెకి వెలిగింది.

అప్పట్నుంచీ రోజూ రాస్తున్నాను. ఏం రాసినా, ఎంత చిన్న మాట రాసినా, కాసేపటికి వెలుగుతుంది. రాయని రోజున వెలగదు. ఊరికే కూర్చుని గంటసేపు చూసినా వెలగదు. నేను పలకరిస్తేనే పలుకుతారు. బతికున్నప్పుడూ అంతే కదా ఆయన, మనం కదిలిస్తే గానీ నోరు విప్పేవారు కాదు!

తాళ్ల తాతకి చూపించాను. చెప్పులు విప్పి నిలబడ్డాడు. "అయ్యగారు పని మానలేదమ్మా" అన్నాడు.

తొమ్మిది నెలల తర్వాత నిన్న కడుపునిండా తిన్నాను మరిదీ. నీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

వదిన


కొండ మీది కేంద్రం
జూలై 5

వదినా,

నీ వేలు ఏదో మీటకి తగిలి ఉంటుంది. కొత్తలో అందరికీ జరిగేదే. లేదా మీట పాతదై ఇరుక్కుని ఉంటుంది. దాని గురించి ఎక్కువ ఆలోచించకు.

ఒక చిన్న పని చెయ్యి. ఎడిటర్‌లో సెట్టింగులు అని ఒకటుంటుంది, పళ్ల చక్రం బొమ్మ. అది తెరిస్తే పైనుంచి నాలుగో వరస కనిపిస్తుంది. ఆ వరస చెరిపేసి, కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టు. అది పాత చెత్త, ఇప్పుడు అవసరం లేదు. ఎందుకూ ఏమిటీ అని అడగకు, నీకు అర్థం కాదు.

ఆ లైటు కింద నిలబడకు. తాతని కూడా నిలబడనివ్వకు. ఆ ఒకటి మార్చావా? మార్చి ఉంటే రాయి. మార్చకపోతే ఈ ఉత్తరం చదవగానే మార్చు.

ఇక్కడ వారం రోజులుగా పొగమంచు. మీటర్లన్నీ చెమ్మపట్టి ఆగిపోయాయి. అయినా నాకు నచ్చింది. ఎవరూ ఏమీ అడగరు.

మరిది


నాటకశాల, తెరల గది
జూలై 28

మరిదీ,

నీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులైంది. కోపంతో జవాబు రాయలేదు. "నీకు అర్థం కాదు" అని నాతో నువ్వెప్పుడూ అనలేదు.

వేలు తగిలిందన్నావు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. వెలిగింది. టైపు చేసి, లేచి, తెరల గదిలోకి వెళ్లి తలుపు సందులోంచి చూశాను. వెలిగింది. దానికేమంటావు? నేను లైటు సంగతి రాస్తే నువ్వు సెట్టింగుల సంగతి రాస్తావు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ వరస. ఏమిటి నీ భయం?

నాలుగో వరస చెరపలేదు. ఆ కంప్యూటరులో ఉన్నవన్నీ ఆయన ఉన్నప్పటివి. పాత చెత్త అనడానికి నీకు నోరెలా వచ్చింది?

సరే, నా భయం నేను చెప్తాను. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. విచారణలో కూడా.

ఆ రోజు ఆయన్ని నేనే పిలిచాను. నిచ్చెనెక్కి వెనక తెరకి గుండుసూదులు పెడుతున్నాను. ఆయన బల్ల దగ్గర టైపు చేస్తున్నారు. "ఒక్కసారి ఇలా వచ్చి చూడండి, వంకరగా ఉందేమో" అన్నాను. "వస్తున్నా, ఉండు" అన్నారు. "మీ 'ఉండు' తెల్లారినా పూర్తవదు, ముందు రండి" అని విసుక్కున్నాను. ఆయన లేచిన చప్పుడు వినిపించింది. నా కంగారు వల్లే పద్దెనిమిది కొట్టాల్సింది ఒకటి కొట్టి, చూసుకోకుండా సేవ్ నొక్కి లేచారు. నాలుగడుగులు వేశారు. తర్వాత నేను వెనక్కి తిరిగేసరికి పైపు ఆయన మీద ఉంది.

విచారణ అధికారి కాగితం మీద "ఆపరేటరు అజాగ్రత్త" అని రాసుకున్నాడు. అజాగ్రత్త ఆయనది కాదు, నాది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. అందుకే ఆ లైటు వెలిగినప్పుడల్లా నాకు ప్రాణం లేచొస్తుంది. కోపం ఉంటే ఆయన వస్తారా? క్షమాపణ అడుగుతూ రాస్తాను, లేచి వెళ్లి ఆ వెలుగులో నిలబడతాను. నువ్వు వద్దన్నా నిలబడతాను. నెత్తి మీద గోరువెచ్చగా ఉంటుంది.

ఇంకో కబురు. పైపు మోటారుకి కొత్త ఇనప తాడు వచ్చింది. ఆగస్టు తొమ్మిదిన ఎలక్ట్రీషియన్ వచ్చి తీగలు కలిపి, గొలుసులు విప్పుతాడు. నువ్వేం కంగారుపడకు. సేవ్ నొక్కితేనే కదా ఏదైనా నడిచేదని నువ్వే రాశావు. ఆ ఫైలుకి నేను సేవ్ నొక్కనే నొక్కను. కొత్త నాటకానికి వేరే ఫైలు రాసుకుంటాను. ఆయన కొట్టిన ఒకటి ఆయనకే ఉంటుంది.

వదిన


కొండ మీది కేంద్రం
ఆగస్టు 6

వదినా,

నీ ఉత్తరం గంట క్రితం వచ్చింది. రేషను బండి డ్రైవరుని బతిమాలి ఆపాను. అతను టీ తాగేలోపు ఇది రాసి ఇవ్వాలి. దీనికంటే ముందే వైర్‌లెస్‌లో ఆఫీసుకి చెప్పాను, మీ మేనేజరుకి ఒక్క మాట చేర్చమని. పైపు మోటారు కలపొద్దని. కారణం చెప్పలేదు. కారణం ముందు నీకే చెప్పాలి.

ఆ లైటు అన్నయ్య కాదు. నేను.

అన్నయ్యకి సేవ్ నొక్కడం ఎప్పుడూ గుర్తుండేది కాదు, నీకు తెలుసు. కిందటేడు ఒకసారి కరెంటు పోయి పొద్దుట్నుంచీ రాసిందంతా పోయింది. నాకు ఫోను చేసి చెడతిట్టాడు. నేను నవ్వి, ఆ వారం వచ్చినప్పుడు ఆటోసేవ్ పెట్టాను. నీ చెయ్యి ఆగిన పది సెకన్లకి ఎడిటర్ తనంతట తానే సేవ్ చేసుకుంటుంది. సెట్టింగుల్లో నాలుగో వరస అదే. సేవ్ అయితే కంపైల్ అయి నడిచేలా అంతకుముందే కట్టాను. వేటికవి మంచివే. పక్కపక్కనే పెట్టింది నేను. రాసింది సగమైనా, సరైనా, పదో సెకనుకి నడిచిపోతుందని నాకు తట్టలేదు. నాకు తట్టాల్సింది వదినా, అది నా పని. కామెంటు మార్చినా ఫైలు మారినట్టే. నువ్వు ఆయనకి ఉత్తరం రాసినప్పుడల్లా యంత్రం ఫైలు మొత్తం మళ్లీ నడిపింది. మొదటి వరసలో ఉన్నది మధ్య లైటు. రెండో వరసకి ఇన్నాళ్లూ మోటారు లేదు. తీగలు కలిపితే ఉంటుంది.

అన్నయ్య తప్పు అంకె కొట్టలేదు. సేవ్ నొక్కలేదు. ఒకటి కొట్టాడు, నువ్వు పిలిచావు, లేచాడు. తిరిగొచ్చి ఎనిమిది కొట్టేవాడు. నువ్వు పిలవకపోయినా, ఏ టీకో లేచినా ఇదే జరిగేది. నీ తప్పు ఆవగింజంత కూడా లేదు.

నాకు మొదటి రోజే తెలుసు. ఒకటి అన్న మాట వినగానే తెలిసింది. అధికారి నన్ను అడిగాడు, "ఆ అంకె కొట్టింది ఎవరు?" అని. "అన్నయ్య" అన్నాను. అబద్ధం కాదు. ఇంకేం అడుగుతాడోనని భయపడ్డాను. ఇంకేం అడగలేదు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, పట్టలేదు. ఆ తర్వాత నీ ముఖం చూడలేక ఈ కొండెక్కాను. నీకు మొదటి ఉత్తరంలోనే చెప్పగలిగేవాణ్ణి. సేవ్ నొక్కేదాకా ఏమీ జరగదని రాశాను. రాసేటప్పుడు అది అబద్ధమని తెలిసే రాశాను.

డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ఆ బల్ల దగ్గరికి వెళ్లకు. కంప్యూటరు తీగ గోడలోంచి పీకెయ్. నన్ను ఏమన్నా అను, ముందు ఆ తీగ పీకెయ్.

నీ మరిది


నాటకశాల, తెరల గది
ఆగస్టు 14

మరిదికి,

నీ వైర్‌లెస్ మాట ఏడో తేదీన చీటీ మీద వచ్చింది. మేనేజరు ఆ రోజు ఊళ్లో లేడు. చీటీ బల్ల మీదే ఉండిపోయింది. ఎలక్ట్రీషియన్ తొమ్మిదిన రావాల్సినవాడు, ఆ రోజు వేరే పని ఉందని ఏడునే వచ్చాడు. పొద్దున్న తీగలు కలిపి, గొలుసులు విప్పి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం నేను రోజూలాగే కూర్చుని రాశాను. ఏం రాశానో నీకు చెప్పను. లేచి వెళ్లి నిలబడ్డాను. వెలిగింది. నెత్తి మీద చప్పుడైంది. తలెత్తి చూస్తే పైపు వస్తోంది.

నాకు భయం వేయలేదు మరిదీ. అది నీకు తెలియాలి. పిలుస్తున్నారు అనుకున్నాను. కదల్లేదు. తాళ్ల తాత ఎక్కణ్ణుంచి ఉరికాడో, చెయ్యి పట్టి లాగాడు. ఇద్దరం వెల్లకిలా పడ్డాం. తాత మోచెయ్యి విరిగింది. పైపు నేలకు అడుగు ఎత్తున ఆగి, మధ్య లైటు వెలుగుతూ, అటూ ఇటూ ఊగింది.

భయం ఆ తర్వాత పట్టుకుంది. నీ ఉత్తరం పదో తేదీన వచ్చింది. మధ్యలో మూడు రోజులు. ఆ మూడు రోజులూ నేను ఇంట్లో దీపం వేసుకోలేదు. మీట వైపే వెళ్లలేదు. ఇన్నాళ్లూ ఆయన నన్ను మంచిమాటలతో ఆ వెలుగులోకి రప్పించింది ఇందుకే అనుకున్నాను. పిలిచి చంపిన ఆడదాన్ని పిలిచి చంపాలని. పద్నాలుగేళ్లు కాపురం చేసిన మనిషిని తలుచుకుని మూడు రోజులు తలుపు గడియ పెట్టుకున్నాను. నా కోపం నువ్వు ఆయన్ని చంపినందుకు కాదు, అది పొరపాటు, ఎవరికైనా జరుగుతుంది. నేను ఆయనకి భయపడేలా చేశావు చూడు, అది మూసుకున్న నీ నోటి చలవ. ఒక్క మాట చెప్పి ఉంటే ఆ మూడు రోజులు ఉండేవి కావు. తాత మోచెయ్యి బాగుండేది.

ఉత్తరం చదివి హాలుకి వెళ్లాను. మేనేజరుని పక్కన నిలబెట్టి మోటారు తీగలు మళ్లీ తీయించాను. నాలుగో వరస నా చేత్తో చెరిపేశాను. తర్వాత ఆయనకి ఒక ముక్క రాసి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. పది లెక్కపెట్టాను. వంద లెక్కపెట్టాను. వేదిక చీకటిగానే ఉంది. అప్పుడు ఏడ్చాను. ఆయన పోయిన రోజున ఏడవనిదంతా ఆ బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. తాత కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చున్నాడు. "ఇప్పుడు పోయారమ్మా" అన్నాడు.

నిజం చెప్పి నువ్వు నన్ను ఆ భయం నుంచి కాపాడావో, ఆయన్ని రెండోసారి తీసుకెళ్లావో నాకు తేలడం లేదు. రెండూ నిజమే అయ్యుంటాయి.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది చెప్తాను. ఆయన పేరు పక్కన అజాగ్రత్త అన్న మాట ఇంకా ఆ కాగితంలో ఉంది. నేను వెళ్లి అధికారిని కలిశాను. నువ్వే వచ్చి రాతపూర్వకంగా ఇస్తే మళ్లీ విచారిస్తానన్నాడు. నీ ఉద్యోగం పోవచ్చు, ఇంకేమైనా కావచ్చు. అయినా రావాలి. వచ్చే బండిలో దిగు.

సామాను హోటల్లో పెట్టుకోకు, ఇంటికే రా. నీ గది ఊడ్చి ఉంచాను. వేళకి అన్నం పెడతాను, పక్క వేస్తాను, అధికారి దగ్గరికి నీతో నేనూ వస్తాను. నీతో మాట్లాడను. ఎన్నాళ్లో నన్ను అడగకు.

వదిన